పాత అంబాసిడర్‌కు కరెంటు మోటారు – ఒక లెక్క

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ., ఎం.పి.సి. విద్యార్థి)

కారును విద్యుత్తుతో నడపడం ఈ కాలపు కొత్త ఆలోచన అని మనలో చాలామంది అనుకుంటూ ఉంటాం. నిజానికి అది చాలా పాత సంగతి. 1899 ఏప్రిల్ 29వ తేదీన ఫ్రాన్సులో కామీల్ జెనాట్జీ అనే బెల్జియం దేశస్థుడు గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని దాటి కారు నడిపాడు. రోడ్డు వాహనం మీద మనిషి ఆ వేగాన్ని దాటడం అదే మొదటిసారి. ఆయన నడిపింది బ్యాటరీ కారు! ఆ రోజుల్లో పెట్రోలు కారును స్టార్టు చేయాలంటే ముందుకు వెళ్ళి హ్యాండిలు పెట్టి తిప్పాలి. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. 1912లో కాడిలాక్ కారుకు విద్యుత్ సెల్ఫ్ స్టార్టరు వచ్చింది. ఆ బాధ తీరిపోయింది, పెట్రోలు కారుకు ఎదురు లేకుండా పోయింది. చిన్న కరెంటు మోటారు ఒకటి వచ్చి పెద్ద కరెంటు మోటారును రోడ్డు మీద నుంచి తప్పించిందన్నమాట.

ఇప్పుడు ఆ చక్రం మళ్ళీ తిరిగింది. కొత్త విద్యుత్ కార్లు రావడమే గాక, పాత కార్లలోంచి ఇంజను తీసేసి మోటారు, బ్యాటరీ పెట్టే పని కూడా దేశదేశాల్లో సాగుతోంది. 2018 మే 19న ఇంగ్లండు రాకుమారుడు హ్యారీ పెళ్ళి జరిగినప్పుడు నూతన దంపతులు సాయంత్రం విందుకు బయలుదేరింది అలా మార్చిన పాత జాగ్వార్ ఈ-టైప్ కారులోనే. మరి మన అంబాసిడర్ సంగతి ఏమిటి? దానికి కరెంటు మోటారు పెట్టవచ్చునా? పెడితే లాభమా, నష్టమా? ఈ వ్యాసంలో నేను చూడదలచుకున్నది అదే. కష్టమైన గణితం ఏదీ లేదు. ఇంటర్మీడియట్ ఫిజిక్సు, కాస్త ఓపిక ఉంటే చాలు.

మా ఇంటి బండి

ముందుగా అంబాసిడర్ గురించి రెండు మాటలు. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 కారును ఆధారం చేసుకొని హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరి నుంచి పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో దీనిని తయారు చేశారు. 2014లో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయింది. కలెక్టరు గారి జీపు తర్వాత మా పల్లెల్లో గౌరవం ఉన్న బండి అంటే ఇదే. పెళ్ళికొడుకు ఎక్కేదీ ఇదే, పురిటి నొప్పులు వస్తే ఆసుపత్రికి పరుగెత్తేదీ ఇదే.

మాది పల్నాడు ప్రాంతంలో మిర్చి, పత్తి వేసే కుటుంబం. మా ఇంట్లో 1992 మోడల్ పెట్రోలు అంబాసిడర్ ఒకటి ఉంది. నాన్న సెకండ్‌హ్యాండులో కొన్నది. నిరుడు దాని ఇంజను పొగ కక్కడం మొదలుపెట్టింది. రీబోరింగు చేయక తప్పదని మెకానిక్కు చెప్పాడు. ‘స్క్రాపుకి ఇచ్చేద్దాం’ అన్నాడు నాన్న. ‘వద్దన్నయ్యా, కరెంటు మోటారు పెట్టిద్దాం, పెట్రోలు ఖర్చు ఉండదు’ అన్నాడు మా చిన్నాన్న. మిర్చి అమ్మిన డబ్బు ఇంట్లో ఉంది గానీ అదే డబ్బుతో అక్క పీజీ ఫీజు కూడా కట్టాలి. ‘నువ్వు సైన్సు చదువుతున్నావు గదరా, లెక్క తేల్చి చెప్పు’ అని ఇద్దరూ నా మీద పెట్టారు. అలా మొదలైంది ఈ పరిశీలన.

ఎన్ని హార్స్ పవర్లు కావాలి?

అంబాసిడర్ ఇంజను 1,489 సి.సి., శక్తి సుమారు 50 హార్స్ పవర్. అయితే మోటారు కూడా 50 హార్స్ పవర్ ఉండాలా? బోరు కింద ఏడున్నర హార్స్ పవర్ మోటారు చూసిన వాళ్ళకు యాభై అనగానే గుండె జారుతుంది. లెక్క వేసి చూద్దాం.

చదునైన రోడ్డు మీద ఒకే వేగంతో పోయే కారును ఆపేవి రెండే: టైర్ల రాపిడి, గాలి అడ్డు. కారు, నలుగురు మనుషులు కలిసి 1,400 కిలోలు అనుకుందాం. టైరు రాపిడి గుణకం 0.013 అనుకుంటే ఆపే బలం 1,400 × 9.8 × 0.013, అంటే సుమారు 178 న్యూటన్లు. గాలి సాంద్రత 1.2, కారు ముఖ వైశాల్యాన్ని దాని ఆకార గుణకంతో గుణిస్తే సుమారు 1 చదరపు మీటరు అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. అప్పుడు గాలి బలం సుమారు 167 న్యూటన్లు. రెండూ కలిపితే 345. దీన్ని వేగంతో గుణిస్తే 5,750 వాట్లు. 746తో భాగిస్తే 7.7 హార్స్ పవర్!

ఈ అంకె చూసి నేనే ఆశ్చర్యపోయాను. అరవైలో పోయే అంబాసిడర్‌కు కావలసిన శక్తి మా చేలో బోరు మోటారు శక్తికి ఇంచుమించు సమానం. మరి 50 హార్స్ పవర్ ఎందుకు పెట్టారంటే, వేగం అందుకోవడానికి, ఓవర్‌టేక్ చేయడానికి, ఎత్తు ఎక్కడానికి. ఇరవై మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తు మీద గంటకు 40 కిలోమీటర్లతో ఎక్కాలంటే భూమ్యాకర్షణే అదనంగా 686 న్యూటన్లు వెనక్కి లాగుతుంది. అప్పుడు కావలసింది సుమారు 10.4 కిలోవాట్లు, అంటే 14 హార్స్ పవర్. కాబట్టి ఎడతెగకుండా 15 కిలోవాట్లు, అవసరం వస్తే కొద్ది క్షణాలపాటు 30 కిలోవాట్లు ఇవ్వగల మోటారు ఉంటే అంబాసిడర్ హుందాగా నడుస్తుంది.

మరో విశేషం ఉంది. పెట్రోలు ఇంజను ఆగి ఉన్నప్పుడు దానికి తిప్పే బలం సున్నా. అందుకే క్లచ్చి, అందుకే ఫస్టు గేరు. విద్యుత్ మోటారు కదలకముందే పూర్తి బలంతో తిప్పగలదు. అందుచేత పాత గేరుబాక్సును అలాగే ఉంచి, దానికి మోటారును ఒక అడాప్టరు ప్లేటుతో బిగిస్తే, ఎక్కువ భాగం సెకండులోనో థర్డులోనో నడిపేయవచ్చు. ప్రొపెల్లరు షాఫ్టు, వెనక ఇరుసు, పట్టీల స్ప్రింగులు అన్నీ యథాతథం. వెనక చక్రాలతో నడిచే పాత కార్లు ఈ మార్పుకు అనువుగా ఉండడానికి ఇదొక కారణం.

ఎంత బ్యాటరీ పెట్టాలి?

మోటారు శక్తిని హార్స్ పవర్‌లో చూసినట్లే, బ్యాటరీని మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్లలో చూడాలి. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్.

అరవై వేగంలో చక్రాల దగ్గర 5.75 కిలోవాట్లు కావాలి. మోటారులో, కంట్రోలరులో, గేర్లలో కొంత పోతుంది గనుక బ్యాటరీ నుంచి సుమారు 7.2 కిలోవాట్లు తీయాలి. గంటలో 60 కిలోమీటర్లు పోతాం. అంటే కిలోమీటరుకు 0.12 యూనిట్. ఆగడాలు, ఎత్తుపల్లాలు కూడా చూసుకొని 0.15 అనుకుందాం. మా ఊరి నుంచి గుంటూరు మిర్చి యార్డుకు 45 కిలోమీటర్లు, రానూ పోనూ 90.

20 యూనిట్ల బ్యాటరీ పెడితే, దాన్ని పూర్తిగా పీల్చకుండా 80 శాతమే వాడుకుంటే 16 యూనిట్లు, అంటే 107 కిలోమీటర్లు. సరిపోతుంది గదా అనిపిస్తుంది. కానీ బ్యాటరీకీ ముసలితనం ఉంది. కొన్నేళ్ళకు దాని సామర్థ్యం 80 శాతానికి పడితే 85 కిలోమీటర్లకే ఆగిపోతుంది. యార్డు నుంచి వస్తూ ఊరి పొలిమేరలో నిలబడవలసిందే! అందుకని 24 యూనిట్లు కావాలి. అప్పుడు కొత్తలో 128, ముసలితనంలో 102 కిలోమీటర్లు.

దీని బరువెంత? లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, పెట్టెతో సహా, కిలోకు సుమారు 125 వాట్ అవర్లు దాచుకుంటుంది. కాబట్టి 192 కిలోలు. అదే ట్రాక్టరుకు వాడే సీసపు బ్యాటరీలతో చేయాలంటే, కిలోకు 35 చొప్పున 680 కిలోలు పైనే. అవి సగం పైన వాడితే త్వరగా పాడవుతాయి కూడా. ‘పాత ట్రాక్టరు బ్యాటరీలు నాలుగు కలిపేస్తే సరిపోదా’ అని అడిగే మిత్రులకు ఇదే జవాబు.

ఇంకో పోలిక చూడండి. ఒక లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే ఆ 192 కిలోల బ్యాటరీ మొత్తం మూడు లీటర్ల పెట్రోలుకైనా సాటి రాదు! అయినా 128 కిలోమీటర్లు ఎలా లాగుతుంది? అంబాసిడర్ లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, కిలోమీటరుకు 0.9 యూనిట్ తాగుతోందన్నమాట. బ్యాటరీ మీద పోతే 0.15. ఆరో వంతు! పెట్రోలు శక్తిలో అధిక భాగం రేడియేటరు గుండా, సైలెన్సరు గుండా వేడిగా పోతుంది. మనం థర్మోడైనమిక్సులో చదువుకున్న కార్నో సూత్రం ఏ ఉష్ణయంత్రాన్నీ ఈ శిక్ష నుంచి పూర్తిగా తప్పించుకోనివ్వదు. విద్యుత్ మోటారు ఉష్ణయంత్రం కాదు గనుక ఆ సూత్రం దాని జోలికి రాదు.

బరువు ఎక్కడ పెట్టాలి?

ఎద్దుబండి తోలిన వాళ్ళకు ఈ సంగతి చెప్పక్కరలేదు. బరువంతా ఇరుసుకు వెనక వేస్తే కాడి పైకి లేచిపోతుంది. కారులోనూ అంతే. అంబాసిడర్ ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం సుమారు 2.46 మీటర్లు. 192 కిలోల బ్యాటరీని డిక్కీలో, వెనక ఇరుసుకు 0.6 మీటరు వెనకగా పెట్టామనుకోండి. వెనక చక్రాల మీద పెరిగే బరువు 192 × 3.06 ÷ 2.46, అంటే 239 కిలోలు. ముందు చక్రాల మీద 47 కిలోలు తగ్గిపోతుంది. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగు పట్టు వదులుతుంది, బ్రేకు వేసినప్పుడు బండి చెప్పిన మాట వినదు. అందుకే బ్యాటరీని రెండు పెట్టెలుగా విడదీసి, పెద్దది ఇంజను తీసిన చోట, చిన్నది పెట్రోలు ట్యాంకు తీసిన చోట పెట్టాలి. తీసిన ప్రతి వస్తువునూ కాటా వేసి, పెట్టే బరువు దానికి దగ్గరగా ఉండేట్టు చూసుకోవాలి.

బ్రేకుల విషయంలోనూ జాగ్రత్త పడాలి. మోటారును వెనక్కి జనరేటరులా తిప్పి బండిని నెమ్మదింపజేస్తే కొంత శక్తి తిరిగి బ్యాటరీకి వస్తుంది. కానీ అది వెనక చక్రాల మీదే పనిచేస్తుంది. వానలో దాన్ని గట్టిగా పెడితే వెనక భాగం జారుతుంది. కాబట్టి మామూలు బ్రేకులు పూర్తి ఆరోగ్యంగా ఉండాల్సిందే. బ్రేకు బూస్టరు ఉన్న బండ్లలో ఇంకో చిక్కు ఉంది. బూస్టరుకు కావలసిన శూన్యం ఇంజను నుంచే వచ్చేది. ఇంజను పోయాక దానికి వేరే విద్యుత్ వాక్యూమ్ పంపు పెట్టకపోతే బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుంటుంది.

పన్నెండు వోల్టుల ఆట కాదు

30 కిలోవాట్ల శక్తిని 96 వోల్టుల బ్యాటరీ నుంచి తీస్తే 312 ఆంపియర్లు పారాలి. 288 వోల్టుల నుంచి తీస్తే 104 చాలు. కరెంటు మూడో వంతయితే, అదే తీగలో వేడిగా పోయే శక్తి తొమ్మిదో వంతవుతుంది. మన ఊళ్ళకు 11 కిలోవోల్టుల లైను వేసి, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర తగ్గించడం వెనక ఉన్న సూత్రం ఇదే. 3.2 వోల్టుల సెల్లు 90 వరసగా కలిపితే 288 వోల్టులు వస్తాయి. ఒక ఎద్దు కుంటితే బండి ఆగినట్లు, ఒక సెల్లు పాడైతే వరస మొత్తం ఆగుతుంది. అందుకే ప్రతి సెల్లు వోల్టేజినీ, వేడినీ కనిపెట్టి చూసే సర్క్యూటు ఉండి తీరాలి.

288 వోల్టుల డి.సి. మనిషిని చంపగలదు. పైగా ఏ.సి. మాదిరి అది సెకనుకు వందసార్లు సున్నా గుండా పోదు. స్విచ్చి తీసినప్పుడు పుట్టిన నిప్పు తనంతట తాను ఆరదు. ఏ.సి.కి పనికొచ్చే ఫీజులూ స్విచ్చిలూ ఇక్కడ పనికిరావు. డి.సి.కి తగినవే వాడాలి. మా పల్లెల్లో ఫీజు పోతే రాగి తీగ మెలిపెట్టి మోటారు వేసే అలవాటు ఉంది. ఆ అలవాటును కారులోకి తెస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మన లాబులో చేసే ఆర్.సి. ప్రయోగం కూడా ఇక్కడ అక్కరకు వస్తుంది. కంట్రోలరు లోపల పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. ఖాళీగా ఉన్న వాటిని తిన్నగా బ్యాటరీకి కలిపితే ఒక్కసారిగా కరెంటు ఉరికి కాంటాక్టరు కొసలు అతుక్కుపోతాయి. అందుకని ముందు ఒక నిరోధం గుండా నింపాలి. 1,000 మైక్రోఫారడ్లు, 100 ఓములు అయితే కాలస్థిరాంకం 0.1 సెకను. దానికి ఐదు రెట్లు, అంటే అర సెకను ఆగితే 99 శాతం నిండుతుంది. ఆ తర్వాతే అసలు కాంటాక్టరు మూయాలి. పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రం ఒక మనిషి బండిని కాపాడుతుందంటే చదువుకు అర్థం ఉన్నట్టే గదా!

చట్టం ఏమంటుంది?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, అనుమతి లేకుండా బండి నిర్మాణాన్ని మార్చరాదు. 2016లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు సవరించి పాత వాహనాలకు విద్యుత్ కిట్లు అమర్చుకోవడానికి దారి చూపింది. అయితే ఆ కిట్టు పుణెలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి పరీక్షా సంస్థ ఆమోదం పొంది ఉండాలి. అధీకృత వర్క్‌షాపులో అమర్చాలి. ఆ తర్వాత ఆర్.సి. పుస్తకంలో ఇంధనం మార్పించాలి. ఏ మోడళ్ళకు ఏ కిట్టు ఆమోదం పొందిందో ఆర్.టి.ఓ. కార్యాలయంలో ముందే కనుక్కోవాలి. ఇంటి దగ్గర సొంతంగా బిగించుకుంటే అది చట్టవిరుద్ధమే గాక, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోలేం.

రైతు మిత్రులకు మరో మాట. వ్యవసాయ కనెక్షను మీద కారు చార్జింగు పెట్టరాదు. ఏ పనికి ఇచ్చిన కరెంటు ఆ పనికే వాడాలని 2003 విద్యుత్ చట్టం చెబుతోంది. ఇంటి మీటరు మీద 15 ఆంపియర్ల ప్లగ్గుతో 3 కిలోవాట్ల చొప్పున ఎక్కించినా ఏడెనిమిది గంటల్లో నిండుతుంది.

2021లో వచ్చిన నిబంధనలు ఇంకో సంగతి చెబుతున్నాయి. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండిని ‘వింటేజ్’ వాహనంగా రిజిస్టరు చేసుకోవచ్చు. ఇంజను తీసేసిన బండికి ఆ గౌరవం దక్కదు. పాతకార్ల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కూడా ఇటువంటి మార్పును ప్రోత్సహించదు. చేస్తే మళ్ళీ పూర్వరూపానికి తెచ్చుకునేట్టుగా చేయమనీ, తీసిన భాగాలు భద్రపరచమనీ దాని సలహా. కోయకుండా, వెల్డింగు పెట్టకుండా పాత రంధ్రాలకే బిగించాలన్నమాట.

లాభమా, నష్టమా?

ఇక అసలు ప్రశ్న. లెక్క సులువు కోసం పెట్రోలు లీటరు 100 రూపాయలు, కరెంటు యూనిట్ 8 రూపాయలు అనుకుందాం. పెట్రోలుతో కిలోమీటరుకు 10 రూపాయలు. చార్జింగు నష్టం కలుపుకొని కిలోమీటరుకు 0.17 యూనిట్, అంటే దాదాపు 1 రూపాయి 40 పైసలు. మిగులు 8 రూపాయల 60 పైసలు. మార్పుకు 5 లక్షలు అవుతుందనుకుందాం.

ఊరికీ పట్నానికీ రోజుకు 60 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగే బండి 18,000 కిలోమీటర్లు పోతుంది. ఏటా మిగిలేది 1,54,800 రూపాయలు. మూడేళ్ళు దాటిన కొద్ది నెలలకే పెట్టుబడి చేతికి వస్తుంది. మా బండి తిరిగేది ఏడాదికి 2,500 కిలోమీటర్లు. మిగిలేది 21,500. పెట్టుబడి తిరిగి రావడానికి 23 ఏళ్ళు! అప్పటిదాకా ఆ బ్యాటరీ బతికి ఉండదు.

పొగ లెక్క కూడా ఇలాగే ఉంటుంది. లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అంటే కిలోమీటరుకు 0.23 కిలో. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తోంది గనుక యూనిట్‌కు 0.7 కిలో చొప్పున వేసుకుంటే కిలోమీటరుకు 0.12 కిలో. సగానికి తగ్గింది. కానీ బ్యాటరీ తయారీలోనూ పొగ ఉంది. బండి బాగా తిరిగితేనే అది తీరుతుంది. కొట్టంలో నిలబడ్డ బండి ఏ ఇంధనానిదైనా పొగ వదలదు.

ఈ లెక్కంతా కాగితం మీద రాసి ఇంట్లో చూపించాను. చిన్నాన్న కాసేపు మాట్లాడలేదు. ‘మరి రోజూ తిప్పితే?’ అన్నాడు. ‘తిప్పితే మూడేళ్ళే చిన్నాన్నా, కానీ ఎవరు ఎక్కుతారో ముందు చూసుకోవాలి’ అన్నాను. నాన్న కాగితాన్ని రెండుసార్లు చదివాడు. చివరికి రీబోరింగు చేయించి బండిని స్క్రాపుకు పోనీయకుండా ఉంచుకున్నాం. అక్క ఫీజు కట్టేశాం. 2042 నాటికి మా బండికి యాభై ఏళ్ళు నిండుతాయి.

నేను తేల్చుకున్నది ఇది. తిరిగే బండిని మార్చాలి. నిలబడే బండిని కాపాడుకోవాలి. ఊరి నుంచి పట్నానికి రోజూ మనుషులను చేరవేసే పాత టాక్సీలు, కాలేజీల, ఆసుపత్రుల వ్యాన్లు ఈ మార్పుకు ముందు వరసలో ఉండాలి. ముచ్చటకు దాచుకున్న బండి వాటి వెనక నిలబడాలి. మిత్రులారా, మీ ఇళ్ళలోనూ ఇలాంటి ప్రశ్న రావచ్చు. అప్పుడు మొదట ఒక చిన్న నోటుబుక్కు కొని, బండి రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతోందో మూడు నెలలపాటు రాయండి. నేను ఇక్కడ అనుకున్న అంకెల చోట మీ అంకెలు వేయండి. జవాబు మీకే వస్తుంది.